బ్రౌజర్ బిగుసుకుపోతోందా? ఎక్స్‌టెన్షన్లు, యాంటీవైరస్‌ల తగవుపై తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం టౌన్‌లోనూ, ఆమదాలవలస, నరసన్నపేట, టెక్కలి, పలాస వైపూ ఉన్న నెట్ సెంటర్లు, మీసేవ కేంద్రాలు, ట్యాక్స్ ఆఫీసులు, డీటీపీ షాపుల్లో కంప్యూటర్లు చూసే పని మాది. ఫోన్ ఎత్తగానే ఎక్కువగా వినపడే మాట "క్రోమ్ ఆగిపోనాది బాబూ, ఏటి నొక్కినా కదల్లేదు" అని. చాలామంది అప్పటికే ర్యామ్ కొనేసి ఉంటారు, లేదంటే ఎవరో చెప్పారని విండోస్ కొత్తగా వేయించేసి ఉంటారు. కొద్ది రోజులకే మళ్లీ అదే గొడవ. గూగుల్ అకౌంట్‌తో సైన్ ఇన్ అవగానే సింక్ వల్ల పాత ఎక్స్‌టెన్షన్లన్నీ (బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌లు) వచ్చేస్తాయి, పాత యాంటీవైరస్ సీడీ ఎలాగూ బీరువాలోనే ఉంటుంది. ఆ ఖర్చు పెట్టకముందు చూసుకోవాల్సిన సంగతులు ఇవి. విండోస్ 10, 11 మీద క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్ల కోసం రాశాం.

"గుండ్రం తిరుగుతూనే ఉంది." ఇది నెట్ స్లోనా, బ్రౌజర్ బిగుసుకుపోవడమా?

ముందు ఇది తేల్చుకోకపోతే మిగతాదంతా గుడ్డిగా వెతకడమే. పేజీ తెల్లగా ఉండి గుండ్రం తిరుగుతోంది కానీ పక్కన కొత్త ట్యాబ్ తెరుచుకుంటోంది, వేరే సైటు వస్తోంది అంటే బ్రౌజర్ బాగానే ఉంది. ఆలస్యం నెట్‌ది, లేదా ఆ సైటుది. 20వ తారీఖు సాయంత్రం జీఎస్‌టీ రిటర్న్ వేస్తూ పోర్టల్ నెమ్మదిగా ఉందని కంప్యూటర్‌ను తిట్టుకుని లాభం లేదు.

ఒక్క ట్యాబ్ మాత్రమే ఆగిపోయి, "పేజీ స్పందించడం లేదు, ఆగుతారా, మూసేస్తారా" అని పెట్టె వస్తే ఆ పేజీనో, అందులో నడుస్తున్న ఏదో ఎక్స్‌టెన్షన్‌నో అనుమానించాలి. కిటికీ మొత్తం తెల్లబారి, పైన "నాట్ రెస్పాండింగ్" అని వచ్చి, ట్యాబులు కూడా మారకపోతే బ్రౌజర్ అసలు ప్రాసెస్ దేనికోసమో ఎదురుచూస్తూ కూర్చుందని అర్థం. అక్కడ మా అనుమానం ముందు సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ మీదకు పోతుంది. బ్రౌజరే కాదు, స్టార్ట్ మెనూ తెరుచుకోవడానికి కూడా అరనిమిషం పడితే టాస్క్ మేనేజర్‌లో (కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే వస్తుంది) డిస్క్ గడి చూడండి. 100 శాతం దగ్గర నిలబడి ఉంటే, పాత హార్డ్ డిస్క్ మీద యాంటీవైరస్ స్కాన్ నడుస్తూ ఉండే అవకాశం ఎక్కువ.

ఎక్స్‌టెన్షన్ ఇంత చిన్నది కదా, బ్రౌజర్ మొత్తాన్ని ఎలా ఆపుతుంది?

పెట్టుకునేటప్పుడు ఒక అనుమతి అడుగుతుంది: అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవడం, మార్చడం. మనం చదవకుండానే సరే అంటాం. ఆ మాటకు అర్థం, మీరు తెరిచే ప్రతి పేజీలోనూ దాని కోడ్ దిగుతుందని. పేజీ నడవాల్సిన వరుసలోనే అదీ నడుస్తుంది. అది పూర్తయ్యేదాకా పేజీ ఆగాలి.

పలాసలో జీడిపప్పు వ్యాపారి ఒకరి ఆఫీసులో చూసినది చెబుతాం. ఇన్‌వాయిస్‌ల జాబితా పేజీ. వందల వరుసలు. కింద వరుసలో అంకె మారిస్తే చాలు, పేజీ మొత్తం బిగుసుకుపోయేది. బ్రౌజర్‌లో ఇంగ్లిష్ తప్పులు దిద్దే ఎక్స్‌టెన్షన్ ఒకటి, పేజీని నల్లగా మార్చేది ఒకటి, ధరలు పోల్చేది ఒకటి ఉన్నాయి. మూడూ పేజీలో ఏ మార్పు జరిగినా కాచుకుని చూసేవే. ఒకటి రంగు మారిస్తే ఆ మార్పు చూసి రెండోది లేస్తుంది, అది పక్కన చిన్న గుర్తు పెడితే మొదటిది మళ్లీ లేస్తుంది. అంకె కొట్టినవాడు మాత్రం కర్సర్ వైపు చూస్తూ కూర్చోవాలి. ఆ మూడింటినీ ఆ సైటు వరకు ఆపేయగానే పేజీ మామూలుగా నడిచింది.

తీసేయడం ఇష్టం లేకపోతే, క్రోమ్‌లో ఆ ఎక్స్‌టెన్షన్ వివరాల్లోకి వెళ్లి సైట్ యాక్సెస్ దగ్గర "క్లిక్ చేసినప్పుడు మాత్రమే" అని పెట్టండి. దీని విలువ చాలామందికి తెలియదు. సగం గొడవలు ఇక్కడే తీరిపోతాయి.

యాంటీవైరస్‌కు బ్రౌజర్‌తో పనేంటి? అది వైరస్‌లు కదా చూసుకోవాలి?

వైరస్‌లు వచ్చే దారి బ్రౌజరే కాబట్టి అది అక్కడే కాపు కాస్తుంది. ముఖ్యంగా నాలుగు చోట్ల జోక్యం చేసుకుంటుంది.

డిస్క్ మీద రాసే ప్రతి ఫైలునూ చూస్తుంది. బ్రౌజర్ తన క్యాష్‌లో (తాత్కాలికంగా దాచుకునే ఫైళ్లలో), హిస్టరీలో క్షణక్షణం ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది కాబట్టి ప్రతిసారీ మధ్యలో ఒక తనిఖీ పడుతుంది. రెండోది, కొన్ని సాఫ్ట్‌వేర్లు తమ కోడ్‌ను నేరుగా బ్రౌజర్ ప్రాసెస్ లోపలికే చొప్పిస్తాయి. ఇది బ్రౌజర్ తయారుచేసేవాళ్లకు అస్సలు గిట్టదు. విండోస్‌లో క్రోమ్ వాడేవాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది దగ్గర క్రోమ్‌తో ముడిపడే వేరే సాఫ్ట్‌వేర్ ఉందనీ, ఇలా కోడ్ చొప్పించే సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లకు క్రాష్‌లు 15 శాతం ఎక్కువనీ 2017లో గూగుల్ చెప్పింది. 2018 నుంచి దశలవారీగా ఆ చొరబాటును అడ్డుకోవడం మొదలుపెట్టింది.

మూడోది, అడ్రస్ హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యే సురక్షిత సైట్లను కూడా విప్పి చూడటం. దానికోసం యాంటీవైరస్ తన సొంత రూట్ సర్టిఫికెట్ (ఏ సైటును నమ్మాలో చెప్పే డిజిటల్ పత్రం) ఒకటి విండోస్‌లో పెట్టుకుని, సైటుకూ మీకూ మధ్య నిలబడుతుంది. పేజీ సగం వచ్చి ఆగిపోవడం, సర్టిఫికెట్ నమ్మదగినది కాదని హెచ్చరిక పేజీ రావడం, బ్యాంకు సైటులో లాగిన్ తర్వాత తెల్ల తెర మిగలడం ఇలాంటి చోట్లే చూస్తాం. నాలుగోది, "సేఫ్ బ్రౌజింగ్" లాంటి పేరుతో అది పెట్టే సొంత ఎక్స్‌టెన్షన్. ప్రకటనలను ఆపే మీ యాడ్ బ్లాకర్‌తో అది గొడవపడుతుంది.

తప్పు ఎప్పుడూ ఒకవైపే ఉంటుందని అనుకోకండి. ఫైర్‌ఫాక్స్ నడుస్తుంటే, విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్ విండోస్ డిఫెండర్ విపరీతంగా ప్రాసెసర్‌ను తినేస్తోందని 2018లో ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మోజిల్లా దగ్గర ఫిర్యాదు నమోదైంది. తీరింది 2023లో. ఫైర్‌ఫాక్స్ ఒకానొక విండోస్ ఫంక్షన్‌ను మరీ ఎక్కువసార్లు పిలుస్తోంది, ఆ పిలుపు ప్రతిదాన్నీ డిఫెండర్ అవసరానికి మించి తవ్వుతోంది. మైక్రోసాఫ్ట్ తన వైపు సరిచేశాక ఫైర్‌ఫాక్స్ వాడుతున్నప్పుడు డిఫెండర్ ప్రాసెసర్ వాడకం సుమారు 75 శాతం తగ్గింది. ఆ అయిదేళ్లలో ఎంతమంది కొత్త కంప్యూటర్లు కొన్నారో!

రెండు యాంటీవైరస్‌లు ఉంటే రెట్టింపు రక్షణ కాదా?

కాదు. ఏడు రోడ్ల జంక్షన్‌లో ఇద్దరు కానిస్టేబుళ్లు నిలబడి, ఒకరు రమ్మని, ఒకరు ఆగమని చెయ్యి ఊపితే ట్రాఫిక్ ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. ఒక ఫైలును మొదటిది పట్టుకుని చూస్తుంది, ఆ చూడటాన్ని రెండోది అనుమానించి పట్టుకుంటుంది.

వేరే యాంటీవైరస్ పెట్టగానే విండోస్ డిఫెండర్ తన ప్రత్యక్ష తనిఖీని తనే ఆపుకుంటుంది. ఆ రెంటి మధ్య మామూలుగా గొడవ ఉండదు. గొడవ బయటివి రెండు ఉన్నప్పుడు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ గడువు తీరిపోయి ఉంటుంది, దాన్ని తీయకుండానే షాపులో కొన్న డబ్బాలోది వేస్తారు. గడువు తీరినంత మాత్రాన అది నిద్రపోదు. సగం పనిచేస్తూ, మిగతా సగం డబ్బు కట్టమని గుర్తుచేస్తూ ఉంటుంది.

సరే, ఇప్పుడు బిగుసుకుపోయింది. మొదట ఏం నొక్కాలి?

క్రోమ్‌లోగానీ ఎడ్జ్‌లోగానీ షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. బ్రౌజర్ సొంత టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. విండోస్ టాస్క్ మేనేజర్‌లో పాతిక క్రోమ్‌లు కనపడి ఏది ఏదో తెలియదు. ఇందులో ప్రతి ట్యాబ్, ప్రతి ఎక్స్‌టెన్షన్ పేరుతో సహా కనపడతాయి. సీపీయూ అనే మాట మీద నొక్కితే ఎక్కువ తింటున్నది పైకి వస్తుంది. దాన్ని ఎంచుకుని ప్రాసెస్ ఆపేయండి. ఎక్స్‌టెన్షన్ ఆపగానే ప్రాణం లేచి వస్తే దొంగ దొరికినట్టే. కిటికీ పూర్తిగా తెల్లబారిపోతే ఇది తెరుచుకోదు. అందుకని బ్రౌజర్ తెరవగానే ఈ పెట్టెను పక్కన తెరిచి ఉంచుకుని, ఆగిపోయే పని చేసి చూడటం మేలు.

ఇన్‌కాగ్నిటోలో బాగానే నడుస్తోంది. అంటే ఎక్స్‌టెన్షనే కదా?

అనుమానం గట్టిపడింది, రుజువు కాలేదు. ఇన్‌కాగ్నిటోలో, అంటే హిస్టరీ మిగల్చని ప్రైవేట్ కిటికీలో, మీరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు నడవవు, నిజమే. కానీ అక్కడ పాత కుకీలు (సైట్లు మీ బ్రౌజర్‌లో దాచుకునే చిన్న గుర్తులు) కూడా ఉండవు. కాబట్టి మామూలు కిటికీకి వచ్చి ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపి చూడండి. ఇక్కడా బాగుంటే ఇక తేలిపోయింది. అప్పుడు సగం ఆన్ చేయండి. బాగుంటే గొడవ మిగతా సగంలో ఉంది. ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. పదహారు ఎక్స్‌టెన్షన్లున్నా ఇలా బేగి తేలిపోతుంది. ఒక్కొక్కటీ తీస్తూ పోతే సాయంత్రం అవుతుంది.

ఒక్కోసారి ఏ ఒక్కటీ విడిగా తప్పు చేయదు, రెండు కలిస్తేనే గొడవ. సగాలు చేసినప్పుడు రెండు వైపులా బాగుంటే అదే సంగతి. అప్పుడు ఒకే పని చేసేవి ఏవున్నాయో చూడండి. రెండు యాడ్ బ్లాకర్లు, రెండు పాస్‌వర్డ్ మేనేజర్లు, రెండు డౌన్‌లోడ్ మేనేజర్లు, ఏదో ఒక జత ఉంటుంది.

ఫైర్‌ఫాక్స్‌లో ఎలా చూడాలి?

హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూట్ మోడ్ ఉంటుంది. షిఫ్ట్ నొక్కి పట్టుకుని ఫైర్‌ఫాక్స్ తెరిచినా అదే అడుగుతుంది. ఎక్స్‌టెన్షన్లు, థీమ్, గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ అన్నీ ఆగిపోయి వట్టి బ్రౌజర్ మిగులుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో మాకు బాగా నచ్చిన సదుపాయం ఇంకొకటి ఉంది. అడ్రస్ బార్‌లో ఇంగ్లిష్‌లో ఎబౌట్ కోలన్ థర్డ్ హైఫన్ పార్టీ అని ఖాళీ లేకుండా కొడితే, బయటి నుంచి లోపలికి చొరబడిన కోడ్ ఫైళ్ల జాబితా వస్తుంది. ఏది ఎవరిదో రాసి ఉంటుంది, కొత్త వెర్షన్లలో అక్కడే ఆపేయొచ్చు కూడా. యాంటీవైరస్, ప్రింటర్, గ్రాఫిక్స్ కార్డు వాళ్ల పేర్లు ఇక్కడ చూసి చాలామంది ఆశ్చర్యపోతారు.

యాంటీవైరస్‌దే తప్పని ఎలా తేల్చాలి? మొత్తం ఆపేసి చూడొచ్చా?

మొత్తం ఆపి, ఆ తర్వాత ఆన్ చేయడం మరచిపోయినవాళ్లను చూస్తూనే ఉంటాం. ఒక్కొక్క కవచాన్నే ఆపండి. ముందు సురక్షిత సైట్ల తనిఖీ, దాన్నే వెబ్ షీల్డ్, హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ అని రకరకాలుగా పిలుస్తారు. అది ఆపి, బ్రౌజర్ మూసి తెరిచి, ఆగిపోయే పనినే చేయండి. తేడా లేకపోతే తిరిగి ఆన్ చేసి, దాని ఎక్స్‌టెన్షన్‌ను ఆపి చూడండి. ఈ పరీక్షలు చేసేటప్పుడు బ్యాంకు పని పెట్టుకోకండి.

ఇంకా తేలకపోతే విండోస్‌లోనే ఉన్న ఒక పరికరం వాడండి. బ్రౌజర్ బిగుసుకున్నప్పుడు విండోస్ టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్‌కు వెళ్లి, ఆ ప్రాసెస్ మీద రైట్ క్లిక్ చేస్తే ఎనలైజ్ వెయిట్ చైన్ అని ఉంటుంది. ఇది ఎవరికోసం ఎదురుచూస్తోందో అక్కడ కనపడుతుంది. ఎప్పుడూ సమాధానం ఇస్తుందని కాదు, ఇచ్చినప్పుడు మాత్రం వాదించడానికి ఏమీ మిగలదు. విండోస్‌లోనే ఉండే రిలయబిలిటీ మానిటర్‌లో ఏ రోజు నుంచి ఆగిపోవడం మొదలైందో ఎర్ర గుర్తులతో ఉంటుంది. ఆ రోజునే ఏం ఇన్‌స్టాల్ అయిందో కూడా అదే వరుసలో ఉంటుంది.

చివరికి తీసేయాల్సి వస్తే కంట్రోల్ ప్యానెల్‌లో అన్‌ఇన్‌స్టాల్ నొక్కి వదిలేయకండి. పేరున్న యాంటీవైరస్ కంపెనీలు చాలావరకు రిమూవల్ టూల్ ఇస్తాయి, దాన్ని వాళ్ల సైటు నుంచే దించుకుని నడిపి, రీస్టార్ట్ చేయండి. తీసేసిన యాంటీవైరస్ తాలూకు డ్రైవర్ (విండోస్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్) ఇంకా లోపల కూర్చుని ఉండటం మామూలే. అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎఫ్, ఎల్, టీ, ఎం, సీ అనే అయిదు ఇంగ్లిష్ అక్షరాలు కొడితే ఫైళ్ల మీద నిఘా పెట్టిన డ్రైవర్ల పేర్లు వస్తాయి. పాతదాని పేరు అక్కడ ఉంటే అది ఇంకా పోలేదు. చేత్తో తీసేయడానికి మాత్రం పూనుకోవద్దు. సెక్యూరిటీ డ్రైవర్లు విండోస్ గుండెకాయ దగ్గర నడుస్తాయి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్‌కు ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయిన సంగతి గుర్తుంది కదా.

మీసేవలో వేలిముద్ర దగ్గరే ఆగిపోతోంది. బయట జనం నిలబడి ఉన్నారు, టెన్షన్‌గా ఉంది.

వేలిముద్ర పరికరం బ్రౌజర్‌తో నేరుగా మాట్లాడదు. మధ్యలో ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రామ్ మీ కంప్యూటర్‌లోనే నడుస్తూ ఉంటుంది. పేజీ దానికోసం 11100 నుంచి 11120 వరకు నంబర్లున్న పోర్టులనే తలుపుల్లో ఒక్కొక్కటీ తట్టి చూస్తుంది. యాంటీవైరస్ ఫైర్‌వాల్ ఆ తలుపులకు గొళ్లెం పెడితే, పేజీ తట్టుకుంటూనే ఉంటుంది, మీకు ఆగిపోయినట్టు కనపడుతుంది.

ముందు ఆర్‌డీ సర్వీస్ నడుస్తోందో లేదో విండోస్ సర్వీసెస్‌లో చూడండి. నడుస్తుంటే ఫైర్‌వాల్‌లో దానికి అనుమతి ఇవ్వండి. ఇంకో సంగతి, 2025 చివర్లో వచ్చిన క్రోమ్ 142 నుంచి, వెబ్‌సైట్ మీ కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్‌తోగానీ లోకల్ నెట్‌వర్క్‌లోని పరికరాలతోగానీ మాట్లాడాలంటే క్రోమ్ మీ అనుమతి అడుగుతుంది. కంగారులో "వద్దు" నొక్కేస్తే ఆ తర్వాత ఎన్నిసార్లు వేలు పెట్టించినా లాభం లేదు. అడ్రస్ పక్కన ఉన్న గుర్తు నొక్కి, సైట్ సెట్టింగ్స్‌లో ఆ అనుమతిని మార్చండి. పాపం ఆ ముసలమ్మ వేలిని మళ్లీ మళ్లీ తుడిపించేముందు ఇది చూడండి.

డిజిటల్ సిగ్నేచర్ పెట్టేటప్పుడు కూడా ఇలాగే అవుతోంది.

అదీ ఇదే తంతు. సంతకం చేసే ప్రోగ్రామ్ మీ కంప్యూటర్‌లోనే నడుస్తూ పేజీకి జవాబిస్తుంది. పైన చెప్పినవే చూడండి. అదనంగా, పిన్ అడిగే చిన్న పెట్టె బ్రౌజర్ వెనకాల దాక్కుంటుంది. ఆల్ట్, ట్యాబ్ నొక్కితే బయటపడుతుంది.

తెలుగు టైపు చేస్తుంటే అక్షరాలు ఆగి ఆగి పడుతున్నాయి.

డీటీపీ షాపుల్లో ఎక్కువ. పేజ్‌మేకర్‌లో తెలుగు కొట్టడానికి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ ఒకవైపు, బ్రౌజర్‌లో తెలుగు టైపింగ్ ఎక్స్‌టెన్షన్ ఒకవైపు నడుస్తుంటే మీరు కొట్టిన ఒక్క అక్షరాన్ని ఇద్దరూ పట్టుకుంటారు. మీరు ఏం కొడుతున్నారో ఎవరైనా దొంగిలిస్తున్నారా అని చూసే యాంటీవైరస్ అయితే మూడోది. బ్రౌజర్ పనికి ఎక్స్‌టెన్షన్ అవసరమే లేదు. 2019 మే నాటి అప్‌డేట్ నుంచి విండోస్ 10లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. సెట్టింగ్స్‌లో తెలుగు భాష చేర్చి దాన్ని ఎంచుకోండి. పేజ్‌మేకర్ పని లేనప్పుడు అను మూసి ఉంచండి.

తెర నిండా "మీ కంప్యూటర్‌కు వైరస్, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని వచ్చి ఏదీ కదలడం లేదు.

ఇది తగవు కాదు, మోసం. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఎప్పుడూ ఉండదు. ఎస్కేప్ కాసేపు నొక్కి పట్టుకుంటే ఫుల్ స్క్రీన్ పోతుంది. పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను మూసేయండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తిరిగి తెరవమంటావా అని అడిగితే వద్దనండి. ఇప్పటికే ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన రిమోట్ యాప్ వేసి, డబ్బు పోయి ఉంటే నెట్ తీసేసి వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ర్యామ్ పెంచితే పోతుందా?

4 జీబీ ఉంటే పెంచండి, మంచిదే. కానీ రెండు ప్రోగ్రామ్‌లు ఒకదానికోసం ఒకటి ఆగి ఉంటే 32 జీబీ పెట్టినా ఆగే ఉంటాయి. ర్యామ్ ఆదా చేస్తామనే ఎక్స్‌టెన్షన్ల జోలికి మాత్రం పోకండి. ది గ్రేట్ సస్పెండర్ అని లక్షల మంది వాడినది ఒకటి ఉండేది. యజమాని చేతులు మారాక, అందులో హానికరమైన కోడ్ ఉందని 2021 ఫిబ్రవరిలో గూగుల్ తీసేసింది. ఆ పని చేసే మెమరీ సేవర్ ఇప్పుడు క్రోమ్‌లోనే ఉంది.

డిఫెండర్ ఒక్కటీ చాలునా?

ఇంటికి, చిన్న షాపుకు మా లెక్కన చాలు. అప్‌డేట్లు ఆపకుండా, తెలియని ఎక్స్‌టెన్షన్లు పెట్టకుండా ఉంటే. డబ్బు పెట్టి కొన్నది సాఫీగా నడుస్తుంటే దాన్ని తీయమని కూడా చెప్పం. బ్రౌజర్ వేగం కోసం డిఫెండర్‌లో క్రోమ్‌ను, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను మినహాయించమని యూట్యూబ్‌లో చెప్పేవాళ్లను నమ్మకండి. దొంగలొచ్చే తలుపునే తెరిచిపెట్టమని చెప్పడం అది.

విండోస్ 7 ఉంది. క్రోమ్ తరచూ పట్టేస్తోంది.

విండోస్ 7, 8.1లకు క్రోమ్ 109తోనే ఆగిపోయింది, అది 2023 జనవరి నాటిది. కొత్త ఎక్స్‌టెన్షన్లు, కొత్త యాంటీవైరస్‌లు చాలావరకు ఆ పాత క్రోమ్‌తో కుదరవు. బాగుచేయడం దండగ. విండోస్ 10కి కూడా మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, కొనేటప్పుడు అది గుర్తుపెట్టుకోండి.

ఇంట్లో కంప్యూటరే, కానీ "మీ సంస్థ నిర్వహిస్తోంది" అని వస్తోంది, ఎక్స్‌టెన్షన్ తీసేద్దామంటే తీయనివ్వడం లేదు.

ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే అది మామూలే, మీ ఐటీ వాళ్లనే అడగాలి. సొంత కంప్యూటర్‌లో వస్తే, యాంటీవైరస్ పెట్టిన నిబంధన అయినా కావచ్చు, క్రాక్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన చెత్త అయినా కావచ్చు. ఆ మాట మీదే నొక్కితే ఏ ఎక్స్‌టెన్షన్‌ను బలవంతంగా పెట్టారో చూపిస్తుంది. పేరు తెలియనిదైతే పూర్తి స్కాన్ చేయించండి, అప్పటివరకు అందులో బ్యాంకు లాగిన్ పెట్టుకోకండి.

మీకు ఫోన్ చేసేటప్పుడు ఏం చెప్పాలి?

ఏ బ్రౌజర్, ఏ సైటు, ఒక్క ట్యాబా, కిటికీ మొత్తమా, కంప్యూటర్ మొత్తమా. ఎప్పటినుంచి, దానికి ముందు కొత్తగా ఏం వేశారు. ఇన్‌కాగ్నిటోలో ఎలా ఉంది. గడియారం పక్కన కింద కనపడే గుర్తుల్లో యాంటీవైరస్‌లు ఎన్ని ఉన్నాయి. ఇవి చెబితే చాలాసార్లు ఫోన్‌లోనే అయిపోతుంది, మేం ఆమదాలవలస నుంచి బస్సెక్కక్కర్లేదు. స్క్రీన్‌షాట్ తీయడం రాకపోతే ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టండి. అందులో ఎవరి ఆధార్ నంబరూ, ఓటీపీ పడకుండా చూసుకోండి.